నడిమి చుక్క

మా మరదలు స్వరూప డాక్టర్ అయితున్నదని చుట్టాలందరికి చెప్పినం. అబద్ధమేం గాదు. పీహెచ్‌డీ అయిపోతె పేరు ముంగట డాక్టర్ అనే రాస్తరు. ఏ డాక్టర్ అని ఎవలన్న గుచ్చి అడిగితె "పరిశోధన" అని, ఎంటనే చాయ్ పొయ్యాలె అని మా ఇంట్ల తీర్మానం. ఎందుకంటె ఆమె హైదరాబాద్‌ల జేసే పని, రోగాలు తెచ్చే క్రిముల ఒంట్ల కొవ్వు ఏ రకముంటదో చూసుడు. మనుషుల కొవ్వు తగ్గించే డాక్టర్ అయితె గల్లంత చెప్పుకోవచ్చు. క్రిములకు కొవ్వున్నదని ఏ మొఖంతోని చెప్పుకుంటం?

నా పేరు హన్మంత్. జనగామ మార్కెట్ ఆఫీసుల క్లర్కును. స్వరూప నా భార్య రేణుక చెల్లె. వాళ్ల తల్లి భద్రమ్మ, మా అత్తమ్మ, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. మహబూబాబాద్‌ల, అంటె మేం మానుకోట అనే ఊర్లె, కింద ఇల్లు కిరాయికిచ్చి పైన ఉంటది. మా ఇంటికి రమ్మంటె రాదు. మా ఇంట్ల శుభ్రత తక్కువట. నౌకరీ జేసినన్నొద్దులు పొద్దుగాల పిల్లల గోర్లు చూసినంకనే ప్రార్థన మొదలువెట్టేది. ఇప్పటికి నేను పోతె నాకు తెల్వకుంటనే నా చేతులు జేబులకు పోతయ్.

పోయినేడు ఎండకాలం ఆమెకు దగ్గు వట్టింది. దుమ్ము పడ్తలేదు అన్నం. వానకాలం ఒచ్చింది, దుమ్ము పోయింది, దగ్గు పోలే. గ్యాస్ అన్నం. మా దిక్కు గుండెపోటుకు గూడ ముందుగాల గ్యాస్ అనే పేరు వెడ్తరు, అది మర్యాద. దసరాకు మనిషి సగమైంది. అప్పుడు వరంగల్‌ల పెద్ద డాక్టర్ తాన్కి తీస్కపోయినం. ఆయన తెమడ పరీక్ష చేపిచ్చి, మైక్రోస్కోప్ అద్దంల ఎర్ర పుల్లల లెక్క క్రిములు కనవడ్డయ్, టీబీ అన్నడు. మందులు రాసిచ్చిండు.

టీబీ అని బయట అంటె మంచిగుండదని అత్తమ్మ ఆర్డర్. మందులను బెల్లం డబ్బల దాసింది. దగ్గు ఒచ్చినప్పుడల్ల టీవీ సౌండ్ పెంచుడు షురూ జేసింది. నెల తిరిగేసరికి టీచరమ్మకు చెముడు ఒచ్చిందని గల్లీల పేరొచ్చింది. పక్కింటి అక్బరీ బేగం పాపం మంచిది, ఎప్పుడు కలిసినా చెవుల కాడికొచ్చి ఒర్లుకుంట మాట్లాడేది. అత్తమ్మ ఓపికతోని భరించింది. చెముడు మర్యాదగల్ల రోగమే గదా.

అయితె మందులు పని జేస్తలేవు. తిన్నది తిన్నట్టు కక్కుతున్నది. దగ్గు తగ్గలే. మిషిన్ల పెట్టి జేసే ఇంకో పరీక్షల టీబీ లేదని ఒచ్చింది. "మిషిన్ ఒక్కోసారి తప్పుతది, నేను కండ్లార జూసిన" అన్నడు డాక్టర్. గప్పుడు స్వరూప దిగింది. డాక్టర్ తోని చీటీ రాయించుకొని, తన గైడ్ ఇరం మేడం ఒప్పుకుంటె, తల్లి తెమడ తీస్కపోయి ల్యాబ్‌ల క్రిములను పెంచింది. కన్నతల్లి క్రిములను కడుపుల వెట్టి సాదినట్టు సాదిందని రేణుక ఏడ్చింది. ఎందుకు ఏడ్చిందో ఆమెకే సక్కగ తెల్వదు.

శివరాత్రినాడు స్వరూప రైలు దిగి సక్కగ మా ఇంటికి ఒచ్చింది. మేం ఉపాసం ఉన్నం. అంటె కందగడ్డ, పండ్లు, అటుకులు, సాబుదాన కిచిడి, పాలు, మధ్యమధ్యల ఖర్జూరాలు. మామూలు రోజు గింత తినం.

"బావ, మీ తమ్ముని పెండ్లిల మగోళ్లందరికి ఒక్క తాన్ల అంగీలు కుట్టిచ్చిండ్రు గదా?" అన్నది కూసోకముందే.

"ఔ. తానుకు తాను కొంటె తక్కువకొచ్చింది."

"ఫోటోల ఎవలు ఎవలో తెలుస్తదా?"

"ఎనకకెళ్లి తెల్వది. మా బాపును నేనే ఒకసారి మా బాబాయ్ అనుకున్న."

"గిది గూడ గంతే. టీబీ క్రిమికి చుట్టాలు శానమంది ఉన్నరు. మట్టిల, నీళ్లల్ల బతుకుతయ్. అన్నిటికి పైన మైనం అసొంటి కొవ్వు కోటు ఉంటది. ఆ కోటు వట్టిన రంగును ఇడువది. అందుకే అద్దంల జూస్తె అన్ని ఎర్రగ, ఒక్కతీర్గనే కనవడ్తయ్. నేనేం జేస్తనంటె, గా కోటును ఊడదీస్త. అండ్లున్న కొవ్వును తీసి తెల్ల రేకు మీద కింద చుక్క వెడ్త. రేకును మందుల నిలవెడితె, మందు మెల్లగ పైకెక్కుకుంట ఏ రకం కొవ్వును ఆ రకం కాడ ఇడిసిపెడ్తది. తర్వాత వేడి జేస్తె నల్లగ తేల్తయ్."

ఫోన్ల ఫోటో చూపిచ్చింది. తెల్ల రేకు. ఎడమ దిక్కు ఒకదాని కింద ఒకటి మూడు నల్ల చుక్కలు. కుడి దిక్కు గూడ మూడే.

"రెండు ఒక్కటే ఉన్నయ్ గదనే?" అన్నది రేణుక.

"మంచిగ జూడక్కా. ఎడమదిక్కుది అసలైన టీబీ. పైన ఒకటి, నడుమ ఒకటి, కింద ఒకటి. కుడిదిక్కుది అమ్మది. నడిమి చుక్క ఏది?"

లేదు. నడుమ ఖాళీ. అటెన్క అన్నిటికంటె కింద, టీబీకి ఏం లేని జాగల, కొత్త చుక్క ఒకటున్నది.

"అమ్మకు టీబీ గాదు. టీబీ చుట్టం. దీనికి మందులు వేరే. గిప్పుడు మింగుతున్నయి దాని మీద సగం పని గూడ జెయ్యయి, అమ్మ మీదనే జేస్తున్నయ్."

రేణుక చేతుల ఖర్జూరం అట్లనే ఉన్నది. నేను ఫోన్ తీస్కొని రెండు ఏండ్లతోని గుంజి గుంజి పెద్దగ జేసి చూసిన. ఖాళీ పెద్దగైంది గని చుక్క రాలే.

మర్నాడు ముగ్గురం డాక్టర్ తాన్కి పోయినం. ఆయన మంచోడే, ఫోటో శానసేపు చూసిండు.

"అమ్మా, ఈ చుట్టాలు నల్లా నీళ్లల్ల గూడ ఉంటయ్. డబ్బల ఒక్క నీటి బొట్టు వడ్డా గిట్లనే ఒస్తది. ఒక్కసారి ఒచ్చినదాన్ని నమ్మి నేను మందు మార్చలేను. ఇంకో తెమడల గూడ గిదే రావాలె. అట్లొస్తె మార్చుత."

"రాకపోతె సార్?"

"రోహిణి కార్తె దాంక ఆగుత. మనిషి తగ్గిపోతున్నది, అంతకంటె ఆగొద్దు. అప్పటికి తేలకపోతె గిది మందుకు లొంగని మొండి టీబీ అనుకోవాలె. గట్టి మందులు మొదలువెడ్త. ఈ వయసుల ఆమె తట్టుకుంటదా అంటె చెప్పలేను."

బయటకొచ్చినంక స్వరూప ఒక్క మాటనే అన్నది: "తేలుస్త."

స్వరూప మానుకోట పోయి తల్లికి డబ్బ ఇచ్చి, లేవంగనే ఛాతి లోపట నుంచి దగ్గి ఉమ్మాలె అని చెప్పొచ్చింది. అత్తమ్మ పద్ధతిగల్ల మనిషి, చెప్పినట్టే ఇచ్చింది. డబ్బ ల్యాబ్‌కు పోయింది. క్రిములు పెరగనీకి వారాలు వడ్తది. ఎండ ముదురుతున్నది, ఫోన్ కోసం చూస్తనే ఉన్నం. చివరికి ఫోన్ ఒచ్చింది.

"బావ, ఏం పెరగలే. అది తెమడనే గాదట, ఉత్త ఉమ్మి. లవంగం వాసన ఒచ్చిందట. అమ్మ ఏం జేసిందో అడుగు. నేనడిగితె కోపం జేస్తది."

నేనడిగితె కోపం జెయ్యదా? అల్లున్ని గదా, లోపల్నే జేస్తది. మానుకోట పోయి, చేతులు జేబులల్ల వెట్టుకొని అడిగిన.

"ఏం జెయ్యాలె బిడ్డా? పండ్లు తోముకున్న. ఉప్పునీళ్లు పుక్కిలించిన. లవంగం నమిలిన. అటెన్క ఇచ్చిన. డబ్బను గూడ సబ్బువెట్టి కడిగిచ్చిన. చదువుకున్నోళ్లు చూస్తరు గదా, నా బిడ్డ ఇజ్జత్ ఏంగావాలె?"

నేను మా రేణుకను తప్పువట్టలేను. రక్తంలనే ఉన్నది. పనిమనిషి ఒస్తదంటె ముందుగాల రేణుక ఇల్లు ఊడ్సి పెడ్తది, అది తల్లి కాడ నేర్సిందే.

"అత్తమ్మా, జర ఇంకోసారి, పండ్లు తోమకుంట—"

"పాసిమొఖంతోని ఇచ్చుడా? నా బిడ్డ ఆఫీసుకా? నేను మొండి టీబీ మందులే మింగుత."

టీవీ సౌండ్ పెంచి దగ్గింది. మాట్లాడుడు అయిపోయింది.

ఆ ఆదివారం స్వరూప తానే ఒచ్చింది. ఇల్లంత తిరిగి చూసింది. పండుకునే అర్రల కొత్త ఏసీ ఉన్నది. దానికి పూల గుడ్డ కవర్. రిమోట్‌కు ప్లాస్టిక్ కవర్. అది చుట్టాలొచ్చినప్పుడు ఏసెటందుకు. కిటికి కాడ గచ్చు మీద మాత్రం నాలుగు పలకల మచ్చ ఒకటున్నది.

"ఈడ కూలర్ ఉండె గదనే అమ్మా? ఏది?"

"గా కూలరా? ఎండకాలమంత దాని ముంగటనే పండుకున్న. దాని గాలి నాకు పడ్తలేదనిపిచ్చింది. అందుకే పడేద్దామనుకున్న."

"పడేసినవా?"

"మంచి కూలర్ ఎవలన్న పడేస్తరా? భూపాలపల్లి మామ కొత్తిల్లు గట్టిండు గదా, గృహప్రవేశానికి గిఫ్ట్ ఇచ్చిన."

స్వరూప గోడకు ఒరిగింది. "దాంట్ల ఏ నీళ్లు పోసేదానివి?"

ఇక్కడ అత్తమ్మ మొఖంల ఎలుగొచ్చింది. "తాగే నీళ్ల మిషిన్ పక్కపొంటి పైపులకెళ్లి ఒచ్చే నీళ్లు. అందరు మోరీల ఇడుస్తరు. నేను బకెట్లకు వట్టి, మూతవెట్టి, అవే పోసేదాన్ని. ఒక్క బొట్టు వేస్ట్ జెయ్యలే. ఉన్న నీళ్ల మీదనే పోసుడు, పారవోసుడు లేనేలేదు."

అంటె ఆ నీళ్లు ఎండకాలమంత మారలే. మా ఇంట్ల గూడ గిదే పద్ధతి. రేణుక ఫోన్ల చెప్పంగ నేర్సుకున్నది.

ఇంటికొచ్చుకుంట స్వరూప చెప్పింది: "కూలర్ నీళ్లను గాలిల తుంపర జేస్తది. ఆ తుంపర అమ్మ ఛాతిల దిగింది. కూలర్ పైపుల అదే క్రిమి దొరికితె, నల్లా నీళ్ల బొట్టు పొరపాటున వడ్డది అనే మాట ఉండది. మామ ఇంకా కూలర్ ఏసిండో లేదో. ఏసినదాంక ఆగొద్దు. రేపే పోదాం. మీ కార్ల."

నా కారు మాట ఒకటి చెప్పాలె. కొని మూడేండ్లయింది, సీట్ల మీద ప్లాస్టిక్ ఇంకా తియ్యలే. తీస్తె పాతగైతది. ఎండకాలం అండ్ల కూసుంటె లేచేటప్పుడు చప్పుడొస్తది. పెండ్లిండ్లకు, ఆయుధపూజకు తీస్త. స్వరూప ఆ ప్లాస్టిక్‌ను చూసింది, నన్ను చూసింది, పర్రున చింపి డిక్కిల ఏసింది. నేను వరంగల్ దాంక మాట్లాడలే. ములుగు దాటినంక సీటు మెత్తగనే ఉన్నదని ఒప్పుకున్న.

గని అప్పటికే తప్పు జరిగిపోయింది. జేసింది రేణుక. పెద్దమనిషి ఇంటికి చెప్పకుంట పోతె ఏమనుకుంటరని, రాత్రే భూపాలపల్లికి ఫోన్ జేసింది. "అత్తా, మేం ఒస్తున్నం. ఏం లేదు, కూలర్‌ల క్రిములున్నయేమో స్వరూప జర చూస్తదట."

క్రిములు అనే మాట మా చుట్టాల ఇంట్ల అంటె, పోలీసులు ఒస్తున్నరని దొంగకు చెప్పినట్టే.

మేం పోయేసరికి అత్తమ్మ తమ్ముడు రాజయ్య మామ ఇంటి ముంగట కూలర్ ఎండల తళతళ మెరుస్తున్నది. మామ భార్య సమ్మక్క అత్త కొంగు నడుముకు చెక్కి, చేతుల బ్రష్షుతోని నిలవడ్డది. పక్కన బ్లీచింగ్ పౌడర్ సంచి.

"రా బిడ్డా స్వరూపా! చూస్కో. క్రిమి గాదు గదా, క్రిమి తాత గూడ లేడు. రాత్రంత బ్లీచింగ్‌ల నానవెట్టిన. పొద్దుగాల తోమిన. గడ్డి గూడ తీసి కాలవెట్టిన. మా ఇంట్ల క్రిములున్నయని రేపు భద్రక్క అనొద్దు."

"ఏమే, కూలర్ అక్కయ్యదే గదనే" అన్నడు రాజయ్య మామ.

"ఇంట్లకు ఒచ్చినంక మనదే."

రేణుక నా ఎన్కకు జరిగింది. నేను కారు ఎన్కకు జరిగిన. స్వరూప కూలర్ ముంగట గొంతుకూసున్నది. ఏడుస్తదేమో అనుకున్న. అటెన్క తలకాయ ఎత్తింది.

"అత్తా, నీళ్లు ఎక్కే పైపు లోపట తోమినవా?"

"గంత సన్నం పైపుల బ్రష్షు ఎట్ల వడ్తది? బ్లీచింగ్ నీళ్లు పోసిన."

"రాత్రంత ఉంచినవా?"

"నా మీద ఒట్టు. తెల్లారేదాంక."

స్వరూప నవ్వింది. ఆ నెలల ఆమె నవ్వుడు నేను అదే ఫస్ట్ చూసుడు. "అత్తా, నిన్ను మా ల్యాబ్‌ల వెట్టుకోవాలె. మేం గూడ ముందుగాల గిదే జేస్తం. తెమడల అడ్డమైన క్రిములన్ని ఉంటయ్, వాటిని చంపనీకి ఘాటు మందు పోస్తం. అన్ని సస్తయ్. మైనం కోటు ఉన్నోళ్లు మాత్రం సావరు. నా పని సగం నువ్వే జేసినవ్."

సమ్మక్క అత్తకు మెచ్చుకున్నదో తిట్టిందో తెల్వలే. సేఫ్టీకి చాయ్ వెట్టనీకి లోపటికి పోయింది. పెండ్లిల ఒచ్చిన కప్పులు, అల్మారకెళ్లి తీసి, కడిగి, తుడిసి.

స్వరూప చేతులకు తొడుగులు ఏసుకొని, మూతికి మాస్కు గట్టుకొని పైపును కోసింది. పైన తెల్లగ, శుభ్రంగ ఉన్నది. లోపటి గోడకు మాత్రం పసుపుపచ్చటి జిగురు సన్నగ అంటుకోని ఉన్నది. అది గీకి, మూతగల్ల గాజు సీసల ఏసింది. సీస గూడ ఆమెదే. రేణుక బ్యాగుల ఉన్న ఖాళీ పచ్చడి డబ్బ ఇస్తనంటె, ఒక్క చూపు చూసింది. కొవ్వును ఎతికే పనిల పచ్చడి నూనె తగిల్తె రేకు మీద మామిడికాయనే కనవడ్తదట.

అటెన్క మోటరు ఊడదీసి డిక్కిల ఏసింది.

"గదెందుకు బిడ్డా?" అన్నడు మామ. "ఎండలు ముదురుతున్నయ్. తోమినంక గూడ ఏసుకోవద్దా?"

"వద్దు మామా. నేను చెప్పేదాంక ఏసుకోవద్దు. మోటరు ఉంటె నువ్వు ఏసుకుంటవ్."

మామ కాదనలే. ఏసుకుంటడని ఆయనకు గూడ తెల్సు.

మళ్ల వారాలు. ల్యాబ్‌ల ఇరం మేడం "ఒక్క రేకు జూసి ఎగురకు, మూడుసార్లు ఎయ్యి" అన్నదట. స్వరూప మూడుసార్లు ఏసింది. ఇటు అత్తమ్మ అన్నం మానేసి గంజి తాగుతున్నది. చేతి గాజులు మోచేతి దాంక ఎక్కుతున్నయ్. మంచిగున్నవా అంటె "సన్నగైన, అందరు ఎక్సర్‌సైజ్ జేస్తున్నవా అని అడుగుతున్నరు" అన్నది. డాక్టర్ చెప్పిన రోహిణి కార్తెకు ఇంకో నెలనే ఉన్నది.

స్వరూప ఈసారి ఫోటో తేలే, రేకునే తెచ్చింది. ప్లాస్టిక్ కవర్ల వెట్టి. ఇరం మేడంను బతిమిలాడి. రైలు నుంచి మానుకోటల దిగింది, మేం జనగామ నుంచి కార్ల పోయినం. అత్తమ్మ టీవీ ముంగట కూసున్నది. స్వరూప టీవీ బంద్ జేసి రేకును తల్లి ఒడిల వెట్టింది.

"అమ్మా, గివి మూడు పేపర్లు అనుకో. ఎడమదిక్కుది టీబీది. నడిమిది శివరాత్రి ముంగట నీ తెమడల దొర్కినదానిది. కుడిదిక్కుది నువ్వు మామకిచ్చిన కూలర్ పైపులదానిది. నేనేం చెప్ప. నువ్వే దిద్దు."

అత్తమ్మ కండ్లద్దాలు వెట్టుకున్నది. పెన్సిల్ కోసం చెయ్యి జాపింది. నేనే ఇచ్చిన, గోర్లు కనవడకుంట. ఆమె ఆన్సర్ పేపర్లు దిద్దుడు నేను చూడలే, విన్న. ఊరంత చెప్పేది, భద్రమ్మ టీచర్ కాపీని వాసనతోని వడ్తదని. రేకు మీద పెన్సిల్ ఆనకుంట ఒక్కొక్క చుక్క మీదికెళ్లి పోనిచ్చింది. మల్లోసారి మొదటికొచ్చింది.

"గీ రెండు ఒక్కదాన్ని చూసి ఒకటి రాసినయ్" అన్నది.

"ఎట్ల చెప్తవ్?" అన్నది స్వరూప, కావాలనే.

"సరిగ్గ రాసినదాన్ని చూసి కాపీ అని చెప్పలేం బిడ్డా. ఇద్దరు చదివి రాయొచ్చు. తప్పు చూడాలె. గీ నడిమి ప్రశ్న ఇద్దరు ఇడిసిండ్రు. అడగనిదానికి కింద ఇద్దరు ఒక్క తీర్గ జవాబు రాసిండ్రు. గిట్ల ఇద్దరు ఒక్క తప్పు జెయ్యరు. పక్కపక్కన కూసున్నరన్నట్టు."

అని, తానన్న మాట తానే ఇన్నట్టు, ఆగింది. కిటికి కాడి నాలుగు పలకల మచ్చను చూసింది.

"పక్కనే పండుకున్న గదా" అన్నది మెల్లగ.

"ఔనే అమ్మా."

"సమ్మక్క బ్లీచింగ్ ఏసిందట గదా? అయినా సావలేదా?"

"సావలే. దాని కోటు అసొంటిది."

"నా లవంగంకు సస్తదా మరి?"

"లవంగంకు అది సావలే అమ్మా. దాక్కున్నది. నువ్వే దాన్ని దాసినవ్. డాక్టర్ ఇంకోసారి కనవడాలె అన్నడు. అది కనవడాలంటె నువ్వు కడుగొద్దు."

అత్తమ్మ దగ్గొచ్చి రిమోట్ కోసం చెయ్యి జాపింది. జాపిన చెయ్యి ఎన్కకు తీసింది. టీవీ లేకుంటనే దగ్గింది. నేను ఆమె దగ్గును సక్కగ ఇన్నది గదే మొదలు. గంత దగ్గు ఉన్నదని మాకు తెల్వది. రేణుక చీర కొంగు నోట్ల కుక్కుకున్నది. అయినంక అత్తమ్మ మూతి తుడుసుకొని, "డబ్బ ఏది?" అన్నది.

"పొద్దుగాల అమ్మా. లేవంగనే. డాబా మీద, గాలిల."

"డాబా మీదనా? అందరు చూస్తరు గదనే!"

ఆమెనే లేచి పోయి పండుకున్నది.

తెల్లారి మేం లేచేసరికి ఆమె డాబా మీద ఉన్నది. తల దువ్వుకోలే. మొఖం కడుగలే. నేను ఆమెను అట్ల ఎప్పుడు చూడలే, రేణుక గూడ చూడలేదట. ఒక చేత్ల డబ్బ, ఒక చెయ్యి పిట్టగోడ మీద. ఊపిరి లోపటికి గుంజి, కడుపులకెళ్లి దగ్గింది. చుట్టుముట్టు డాబాల మీద బట్టలారేసేటోళ్లు, మొక్కలకు నీళ్లు పోసేటోళ్లు ఆగిండ్రు. అక్బరీ బేగం పిట్టగోడ కాడికి ఉరికొచ్చి, అలవాటు ప్రకారం ఒర్లింది.

"క్యా హువా టీచరమ్మా! ఏమైంది! దవాఖానకు పోదామా!"

అత్తమ్మ చెయ్యెత్తి ఆపింది. "పరీక్ష రాస్తున్న అక్బరీ. జర ఆగు. ఇంకోటి, ఒర్లకు. నాకు చెవులు మంచిగనే ఇనవడ్తయ్."

మల్ల దగ్గింది. ఈసారి ఒచ్చింది. డబ్బ మూత గట్టిగ తిప్పి, బిడ్డ చేతుల వెట్టింది. "కడుగలే" అన్నది. రేపు గూడ ఇస్త, ఎల్లుండి గూడ ఇస్త, ఎన్ని పేపర్లు రాయమన్నా రాస్త అన్నది.

రోహిణి కార్తె మొదలైన దినాలల్ల వరంగల్ డాక్టర్ టేబుల్ మీద కాయిదాలు వడ్డయ్. ఇచ్చిన తెమడలల్ల గూడ నడిమి చుక్క లేదు, కింది చుక్క ఉన్నది. పెద్ద ల్యాబ్‌ల చేపిచ్చిన జన్యు పరీక్ష గూడ ఆ చుట్టం పేరే చెప్పింది. డాక్టర్ పాత చీటీని అడ్డంగ కొట్టేసి కొత్తది రాసిండు.

"గివి గూడ శాన్నాళ్లు మింగాలె అమ్మా. తెమడ శుభ్రమైనంక గూడ ఏడాది. మధ్యల ఇడువొద్దు."

"పదో తరగతి పిల్లలను ముప్పై ఏండ్లు పాస్ చేపిచ్చిన సార్. ఏడాది ఎంత?" అన్నది అత్తమ్మ.

గిప్పుడు మందులు బెల్లం డబ్బల లేవు, టీవీ మీదనే ఉన్నయ్. ఎవలన్న అడగకున్నా చెప్తది. "టీబీ గాదు. టీబీకి చుట్టం. దేశంల శానమందికి రాదట." కొత్తిల్లు కట్టినోళ్లు గూడ గంత గర్వంగ చెప్పరు. రాజయ్య మామకు పరీక్షలు చేపిచ్చినం, ఆయనకు ఏం లేదు, దగ్గు గూడ లేదు, ఆయనది నిజంగనే గ్యాస్. కూలర్‌ను పడేయమన్నం. పడేస్తరా? దాంట్ల చెప్పులు వెట్టుకుంటున్నరు.

కార్తీకమాసంల స్వరూప ఒచ్చింది. అత్తమ్మ గాజులు మళ్ల మణికట్టు కాడికి ఒచ్చినయ్. అన్నం తింటున్నది. పోయిన నెల ఇచ్చిన తెమడల వారాలు చూసినా ఏం పెరగలేదట. పెరగకపోతె రేకు ఎయ్యనీకి ఏం ఉండది, అయినా తల్లి కోసమని స్వరూప ఒక తెల్ల రేకు, చుక్క లేనిది, కవర్ల వెట్టి తెచ్చింది.

అత్తమ్మ కండ్లద్దాలు వెట్టుకొని రేకును ముందు ఎన్క తిప్పి చూసింది. ఎక్కడన్న చుక్క దాక్కున్నదేమో అని కిటికి కాడికి పోయి ఎలుగుకు వెట్టి చూసింది. అటెన్క ఎర్ర పెన్ను అడిగింది. నేను ఉరికి తెచ్చిచ్చిన, ఈసారి చేతులు జేబులల్ల వెట్టుకునుడు మర్చిపోయిన.

కవర్ మీద ఎర్రగ, పెద్దగ సున్న వెట్టింది. కింద సంతకం జేసింది.

"ఇంకో ఏడాది గిట్లనే ఖాళీ పేపర్ ఇయ్యాలె" అన్నది రేకు దిక్కు చూసి, బెంచి ఎక్కించిన పిల్లగానితోని మాట్లాడినట్టు. అటెన్క నా దిక్కు తిరిగింది.

"గోర్లు కత్తిరిచ్చుకో, హన్మంతూ."